ఆది జాకెట్టు

వెనక హుక్కుల జాకెట్టును కనిపెట్టింది ఎవరో గానీ, వాళ్లింట్లో పనీపాటా లేని ఆడవాళ్లు చాలామంది ఉండి ఉంటారని మల్లేశ్వరి అనుకుంటూ ఉంటుంది. ముందు హుక్కులైతే ఆడది తనపాటికి తాను వేసుకుంటుంది, తనపాటికి తాను విప్పుకుంటుంది. వెనక హుక్కులకు ఆ సుఖం లేదు. వేసుకోవాలన్నా విప్పుకోవాలన్నా వీపు వెనక ఇంకో మనిషి నిలబడాల్సిందే. అయినా ఇప్పుడు ఆదోనిలో పెళ్లి జాకెట్టు అంటే వెనక హుక్కులే. ముందు మెడ పైదాకా మూసి, ఆ మూసినదంతా వీపు మీద కిటికీగా తెరిచి, కిటికీ చుట్టూ జర్దోసి కుట్టి, కింద పూసల గుత్తులు వేలాడదీయాలి. చేతులు బుట్ట చేతులు కావాలి. అమ్మమ్మల కాలంలో వేసుకున్నవే. మధ్యలో కొన్నేళ్లు అవి చూసి నవ్వి, ఇప్పుడు ఫోన్లో ఎవరో వేసుకుంటే మళ్లీ ఎగబడుతున్నారు. హల్దీకి పసుపు రంగు, మెహందీకి పచ్చ రంగు. కుచ్చిళ్లు పెట్టుకునే ఓపిక కూడా లేక ముందే మడతలు పెట్టించి, ఇస్త్రీ చేయించి, పెట్టెలో తెచ్చుకునే చీరలొకటి. మల్లేశ్వరికి వీటి మీద ఫిర్యాదేమీ లేదు. జనం పిచ్చే ఆమె చేతికి పని.

ఆ పని కూడా ఆమెదని ఎవరూ అనరు. భర్త శివకుమార్ బజార్లో పెద్ద చీరల షాపులో సేల్స్‌మన్. చీర కొన్నవాళ్లకు మగ్గం వర్కు, కుట్టుడు కూడా కుదిర్చి ఇంటికి తెస్తాడు. "మా ఇంట్లో సేయిస్తా అక్కా" అంటాడే గానీ, మా ఆవిడ చేస్తుంది అనడు. పొద్దున వంటా, గిన్నెలూ, బట్టలూ అయ్యాక ఆమె మగ్గం ముందు కూర్చుంటే "కూసోని సేసే పనే గదా" అంటుంది అత్త ఉరుకుందమ్మ. నడుము నొప్పి అంటే, "మేం పత్తి సేలల్లో వొంగి ఏరినాం, మాకు లేవు నొప్పులు" అంటుంది. మల్లేశ్వరి నవ్వి ఊరుకుంటుంది. ఊరుకోవడం ఆమె చాలాకాలం కిందటే నేర్చుకుంది, ఎందుకు నేర్చుకుందో తర్వాత చెప్తాను.

ఆషాఢం మధ్యలో ఒకరోజు ఉరుకుందమ్మ ఒక గుడ్డ సంచీ తెచ్చి మగ్గం పక్కన పెట్టింది.

"మే మల్లీ, ఇది ఎమ్మిగనూరు పిల్లది ఆది జాకెట్టు. నేతగాళ్ల కాలనీలో పార్వతమ్మ కూతురు. శ్రావణంలో మంత్రాలయంలో పెళ్లి. బాగా సెయ్యి, మనకు కావలసినోళ్లు."

ఆది జాకెట్టు అంటే కొలతకిచ్చే జాకెట్టు. టేపు పెట్టి కొలవడం ఎంత వచ్చినా, ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టొకటి చేతిలో ఉంటే ఆ దారి వేరు. పెళ్లి చీర అంతకు పది రోజుల ముందే వచ్చింది, శివకుమార్ పనిచేసే షాపులోదే. లేత గులాబీ పట్టు. ఇప్పుడు పెళ్లికూతుళ్లకు ఎరుపు పనికిరాదు, అన్నీ ఇలా పాలల్లో ముంచినట్టున్న రంగులే. "పెళ్లికి ఈ ఎలిసిపోయిన రంగేందో" అని ఉరుకుందమ్మ మొహం చిట్లించింది. డిజైను బొమ్మలు శివకుమార్ ఫోన్లోకి వచ్చేవి. "కస్టమర్ పంపింది సూడు" అని అతను చూపించేవాడు. రోజంతా ఆడవాళ్లకు చీరలు విప్పి, తన భుజం మీదే పైట వేసుకొని చూపించే మనిషి ఫోన్లో ఆడపిల్లల మెసేజులు ఉండటం వింతేమీ కాదు. కుడి చేతి మీద తామరపూలు, ఆవులు. వీపున కిటికీ, గుత్తులు. అంతవరకు ఆ పిల్ల కోరింది. ఎడమ చేతి మీద మాత్రం ఉరుకుందమ్మ తన కోరిక చేర్చింది.

"ఆడ ఉయ్యాల ఎయ్యి. ఉయ్యాల్లో చిన్ని కృష్ణుడు ఉండాల. శుభం."

మల్లేశ్వరికి కొంచెం విచిత్రంగా అనిపించింది. ఆ మధ్య పక్కింటి పిల్లకు బిడ్డ పుడితే ముచ్చటపడి ఆమె ఒక కుళ్లాయి కుట్టి తీసుకుపోయింది. ఆ కుళ్లాయిని బిడ్డ తలకు పెట్టకముందే తీసి పక్కన పెట్టింది ఈ ఉరుకుందమ్మే. "నువ్వు కుట్టింది మొదట ఎయ్యగూడదులే, ఏమీ అనుకోవద్దు" అంది అందరి ముందూ. సీమంతాలకు జాకెట్లు కుట్టి పంపడం వరకే మల్లేశ్వరి వంతు, గంధం పూసే వరసలో ఆమెను పిలవరు. అలాంటిది, ఉయ్యాల్లో బిడ్డను ఆమె చేత్తో కుట్టమంటున్నారు. దారంతో కుట్టే బిడ్డకు దిష్టి తగలదు కాబోలు అనుకుంది.

సంచీలోంచి జాకెట్టు తీసి ఒళ్లో పరిచింది. పచ్చటి కాటన్ జాకెట్టు, రోజూ వేసుకునేది. చంకల దగ్గర కాస్త రంగు పోయింది. పిల్ల సన్నగా ఉంటుంది, భుజాలు చిన్నవి. ఎడమ చెయ్యి పొడవు కొలవబోతే బొటనవేలి కింద ఏదో గరగరమంది. చేతి అంచు లోపలికి మడిచి కచ్చా కుట్టు వేసి ఉంది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. మడత లోపల గింజలు కనిపించాయి. గుడ్డకు పసుపు అంటుకొని ఉంది.

టేపు పక్కన పెట్టింది.

వాళ్లలో ఒక ఆచారం ఉంది. సంబంధం ఖాయమయ్యాక తలంబ్రాల చీర జాకెట్టు మగపెళ్లివాళ్లే కుట్టిస్తారు. దానికి పిల్ల తల్లి ఆది జాకెట్టు పంపాలి. ఖాళీ జాకెట్టు పంపకూడదు. చేతి మడతలో చిటికెడు పసుపు బియ్యం పెట్టి, దారిలో రాలకుండా కచ్చా కుట్టు వేసి పంపాలి. ఆ కుట్టు పెళ్లికొడుకు తల్లి మాత్రమే విప్పాలి. విప్పి ఆ గింజల్ని తమ ఇంటి బియ్యంలో కలపాలి. హొళగుంద పక్క పల్లెలో ఉండే మల్లేశ్వరి తల్లి హులిగమ్మ కూడా అలాగే పంపింది. ఉరుకుందమ్మ ఆ కుట్టు విప్పి, గింజలు బియ్యం డబ్బాలో పోసి, పెళ్లయి వచ్చిన మొదటి రోజు డబ్బా మూత తీసి చూపించింది. "నీ గింజలు మా గింజల్లో కలిసిపోయినాయి. ఇంగ ఎవురు ఏరినా దొరకవు" అంది. ఆ మాట మల్లేశ్వరికి ఎంత నచ్చిందంటే, అత్త ఎన్నన్నా ఆ ఒక్క మాట కోసం క్షమించేస్తూ వచ్చింది.

టైలరు దగ్గరికి వచ్చే ఆది జాకెట్లో బియ్యం ఉండవు. మగపెళ్లివాళ్లు విప్పుకున్నాకే అది టైలరుకు చేరుతుంది. మరి ఇదేమిటి? ఆమె కుడి చెయ్యి తిప్పి చూసింది. అక్కడ కుట్టు విప్పేశారు. సూది పోయిన రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి, గుడ్డ మీద పసుపు మరక ఇంకా తాజాగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఆదోని వైపు కుడి చేతిలో మాత్రమే పెడతారు. ఎమ్మిగనూరు వైపు కొందరు రెండు చేతుల్లోనూ పెడతారు. కుడి చెయ్యి విప్పిన మనిషికి ఎడమ చేతిలో కూడా ఉంటాయని తెలియదు. అంటే విప్పింది ఆదోని మనిషి.

వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీసింది. పైన తెల్లటి బియ్యం మీద అక్కడక్కడా పసుపు గింజలు. ఇంకా సరిగా కలవను కూడా కలవలేదు.

ఆ ఇంట్లో పెళ్లి కావలసిన మగవాడు లేడు. ఉరుకుందమ్మకు ఉన్నది ఒక్కడే కొడుకు.

మనిషి మనసు భలే దొంగది. కళ్లతో చూసినా నమ్మకుండా ఉండటానికి ఏదో ఒక సందు వెతుక్కుంటుంది. అత్త చుట్టాల తరఫున విప్పిందేమో, పసుపు గింజలు ఏ పూజవో అని మల్లేశ్వరి మధ్యాహ్నం దాకా తనకు తానే సర్దిచెప్పుకుంది. లైనింగ్ గుడ్డ కోసం శివకుమార్ షాపు సంచులు తిరగేస్తుంటే తలుపు వెనక తగిలించిన కవర్లో కుర్తా ఒకటి కనిపించింది. లేత గులాబీ. వారం కిందట అతను పెళ్లి జాకెట్టు పట్టులోంచి వేలెడంత ముక్క కత్తిరించి ఇమ్మన్నాడు. "పెళ్లికొడుకు కుర్తాకు మ్యాచింగ్ సూడాలంట. ఇప్పుడంతా జంట రంగులే గదా" అన్నాడు. ఆమే కత్తిరించి ఇచ్చింది. కుర్తాను మంచం మీద పరిచి భుజాలు చూసింది. ఏళ్ల తరబడి చీరల మూటలు మోసి మోసి శివకుమార్ ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. అతని చొక్కాలన్నీ ఆమె ఆ భుజం చూసే కత్తిరిస్తుంది. ఈ కుర్తా ఎవరు కుట్టారో గానీ వాళ్లు కూడా ఎడమ భుజం దించి కుట్టారు.

ఇక సందులేమీ మిగల్లేదు. మంచం అంచున కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. తప్పు చేసినవాళ్లకు రావలసిన సిగ్గు తనకెందుకు వస్తోందో తెలియలేదు.

మర్నాడు పొద్దున శివకుమార్ పలహారానికి కూర్చున్నప్పుడు ఉగ్గాని వడ్డిస్తూ అడిగింది.

"ఆ గులాబీ కుర్తా నీదే గదా?"

"ఏ కుర్తా?"

"ఎడమ భుజం దిగిన కుర్తా."

అతను ఆమె మొహం చూడలేదు, ముందు పెరటి తలుపు వైపు చూశాడు, తల్లి ఎక్కడుందోనని.

"నీకు సెప్పాలనే అనుకుంటాండా మల్లీ. సమయం సూసి సెప్దామని అమ్మ అనింది."

"జాకెట్టు కుట్టేది అయిపోయినాకనా?"

"అమ్మ మాట తీసెయ్యలేకపోయినా. నిన్నేమన్నా పొమ్మంటాండామా? నువ్వు ఈడే ఉంటావు. నీ మిషను ఈడే ఉంటాది. ఆ పిల్ల మంచిది, నిన్ను అక్కా అనుకుంటా ఉంటాది."

"కర్నూల్లో డాక్టరమ్మ సెప్పిన మాట ఆ పిల్లకు సెప్పినావా?"

"మెల్లగ మాట్లాడు. అమ్మ ఇంటాది."

ఆ మాట ఇప్పుడు మీకు చెప్పాలి. పిల్లలు లేరని వాళ్లిద్దరూ కర్నూలు వెళ్లి చూపించుకున్నారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, లోపం ఆమెలో ఏమీ లేదు, అతనిలోనే ఉంది, మందులతో పోయేది కాదు అని చెప్పింది. తిరుగు బస్సులో కోడుమూరు దాటిందాకా శివకుమార్ కిటికీ వైపు మొహం పెట్టుకొనే కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు ఆమెను మంత్రాలయం తీసుకెళ్లాడు. తుంగభద్ర మెట్ల మీద ఆమె చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఈ మాట నీ నోట్లోంచి రాకూడదు మల్లీ. రోజంతా ఆడోళ్ల ముందు నిలబడేవాణ్ణి, తెలిస్తే తలకాయ ఎత్తలేను. ఎవురు ఏమన్నా నీ పక్కన నేనుంటా" అన్నాడు. ఏడ్చాడు కూడా. మొగుడు ఏడుస్తుంటే చూడటం ఆమెకు అదే మొదటిసారి. మెడలో తాళి పడిన రోజు కంటే ఆ రోజే తనకు నిజంగా పెళ్లయినట్టు అనిపించింది ఆమెకు. అప్పటినుంచి గొడ్రాలన్నా ఊరుకుంది. కుళ్లాయి తీసి పక్కన పెట్టినా ఊరుకుంది. తల్లి హులిగమ్మ ఉన్న దేవుళ్లందరికీ తిరిగి ముడుపులు కడుతుంటే, అమ్మా అవసరం లేదే అని చెప్పలేక, ఆ ముడుపులు కళ్లకద్దుకుంది. కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఇంతకంటే ఒక ఆడది మొగుడికి ఏమివ్వగలదు?

"డాక్టర్లు సెప్పిందంతా నిజమవుతాదా?" శివకుమార్ గొంతు ఇంకా తగ్గించాడు. "ఇంగోసారి సూసుకుంటే తప్పేముంది?"

ఇంకోసారి చూసుకోవడం. షాపులో లైటు కింద చీర రంగు నచ్చకపోతే "ఈదిలోకి తీసుకుపోయి ఇంగోసారి సూడక్కా" అంటాడే, అంత తేలిగ్గా అన్నాడు. ఇటు తన పదేళ్ల బతుకూ, అటు మొహమైనా చూడని ఒక పిల్ల బతుకూ, రెండూ ఆ మాటలో ఇమిడిపోయాయి.

"మంత్రాలయంలో మాటిచ్చినావు మల్లీ, మర్సిపోవద్దు."

"నువ్వూ ఇచ్చినావు."

"నేనేం తప్పినా? నీ పక్కనే ఉంటాండా గదా."

అతను నిజంగానే అలా అనుకుంటున్నాడని అప్పుడు ఆమెకు అర్థమైంది. అబద్ధమాడుతుంటే కోపం తెచ్చుకోవచ్చు. తాను మంచివాడినని నమ్మే మనిషితో ఏం మాట్లాడాలి? కంచే చేను మేసిందంటారు గానీ, ఈయన ఎప్పుడూ కంచె కూడా కాదు. ఇన్నేళ్లూ ఈయన చుట్టూ కంచెగా నిలబడి ఎండకు కాగి వానకు తడిసింది తానే. ఎవరికి కంచెగా ఉందో ఆ మనిషే తనను పీకి పారేస్తున్నాడు.

ఉరుకుందమ్మ పెరట్లోంచి వచ్చింది. కొడుకు మొహం, కోడలి మొహం చూసి సంగతి పసిగట్టింది. బయటపడ్డాక బుకాయించడం ఆమెకు చేతకాదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"తెలిసిపోయిందా? మంచిదే, ఒక పని తప్పింది. వంశం నిలబడాల గదమ్మే. నువ్వు ఏడ్సి లాభం లేదు, వాడు ఏడ్సి లాభం లేదు. నీ బువ్వకు లోటు సెయ్యం."

"జాకెట్టు నాతోనే ఎందుకు కుట్టిస్తాండావత్తా?" మల్లేశ్వరికి నిజంగా తెలుసుకోవాలనిపించి అడిగింది.

ఉరుకుందమ్మకు ఆ ప్రశ్నే విడ్డూరంగా తోచింది. "శ్రావణానికి ఊర్లో ఒక్క మగ్గం ఖాళీ లేదు. ఇంట్లో మనిషి ఉండంగా బయటికి యాడికి పోతాం?"

ఇంట్లో మనిషి. బాధలో కూడా మల్లేశ్వరికి నవ్వొచ్చింది. నోటిదాకా వచ్చిన నిజాన్ని అప్పుడే అనేసి ఉండేది. తల్లి వెనక శివకుమార్ నిలబడి తల అడ్డంగా ఆడిస్తున్నాడు, వద్దు వద్దని. కళ్లల్లో నీళ్లు. అవే మంత్రాలయం నీళ్లు. ఆమె మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం ఆ నీళ్లు కాదు ఈసారి. అత్తకు చెప్పి లాభం లేదు. చెప్తే నమ్మదు, నమ్మినా కొడుకునే కాచుకుంటుంది. ఈ నిజం అవసరమైన మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి ఎమ్మిగనూరులో ఉంది.

అందుకని మళ్లీ మగ్గం ముందు కూర్చుంది. దాన్ని చూసి ఉరుకుందమ్మ, దారికొచ్చిందని సంతోషపడింది. శివకుమార్ ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. పనిని సగంలో వదిలేస్తే ఆ పిల్ల గడప ఎక్కడానికి ఆమెకు వేరే సాకు లేదు. తామరలు కుట్టింది, ఆవులు కుట్టింది. ఆవుల మెడలో చిన్న పూసల గంటలు ఎవరూ అడక్కపోయినా వేసింది. వీపున కిటికీ తెరిచి అంచు తిప్పింది. ఎడమ చేతి మీద ఉయ్యాలకని సుద్దతో గీత గీసి, అంతటితో వదిలేసి కుట్టు పూర్తి చేసింది.

ఉరుకుందమ్మ వక్కలకని బజారుకు పోయిన పూట ఆమె సంచీ సర్దుకుంది. జాకెట్టు, ఆది జాకెట్టు, తన కత్తెర, సూదుల డబ్బా, నాలుగు చీరలు. మిషను బరువు, దాని కోసం మనిషిని వెంటబెట్టుకొని మళ్లీ రావాలి. బస్టాండుకు నడిచిపోయి ఎమ్మిగనూరు బస్సెక్కింది.

నేతగాళ్ల కాలనీలో పెళ్లివాళ్ల ఇల్లంటే ఎవరైనా చెప్తారు. పార్వతమ్మ ఇంటి ముందు గదిలోనే గుంత మగ్గం ఉంది. నేసే మనిషి పోయాక దాని మీద దుప్పట్లు, దిండ్లు పేర్చి పెట్టారు. "ఆదోని నుంచి జాకెట్టు ట్రయలుకు వచ్చినానమ్మా" అనగానే పార్వతమ్మ ఎదురొచ్చి చాప పరిచి నీళ్లిచ్చింది.

"షాపులో టైలరువా తల్లీ? ఎండలో ఇంత దూరం వచ్చినావే. సుధా, ఎవరొచ్చినారో సూడు."

సుధ పరుగున వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. జాకెట్టు చూడగానే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, గంటలు సూడు! ఆవులకు గంటలు! నేను పంపిన బొమ్మలో ఇవి లేవక్కా, నువ్వే వేసినావా?" అంది. వేసుకొని చూసుకునేదాకా ఆగలేకపోయింది. మల్లేశ్వరి వెనక నిలబడి హుక్కులు పెట్టింది. పిల్ల వీపు వెచ్చగా ఉంది. ఇన్నాళ్లూ ఆ పచ్చ జాకెట్టులో ఊహించుకున్న మనిషి, ఇదిగో ఇలా నవ్వుతూ. ద్వేషించడానికి మనసులో ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చింది మల్లేశ్వరి, దారి పొడుగునా. ఆ పిల్ల గంటలు చూసి మురిసిపోయాక అది కూడా చేతకాకుండా పోయింది.

నడుము దగ్గర కాస్త వదులు ఉంది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకొని ఒక్కొక్కటీ తీసి గుచ్చుతోంది. పార్వతమ్మ పక్కన కూర్చొని మాట్లాడుతూనే ఉంది.

"రెండో సంబంధమని మొదట నేను ఒప్పుకోలేదమ్మా. పెళ్లికొడుకు వచ్చి కాళ్లు పట్టుకున్నంత పని సేసినాడు. ఆ మొదటామె గొడ్డుబోతంట. ఆమే మనసారా ఒప్పుకొని పుట్టింటికి పోయిందంట. పాపం, ఆయమ్మ మాత్రం ఏం సేస్తాది, అంతా రాత. మా పిల్లకైనా సంవత్సరం తిరిగేలోపల కడుపు పండితే అంతే సాలు. లేకపోతే దీని గతి కూడా..."

"ఊరుకోమ్మా" అంది సుధ సిగ్గుపడి.

మనసారా ఒప్పుకొని పోయిందంట. తాను ఇంకా మెట్టినింటి గడపలో ఉండగానే ఇక్కడ తనను సాగనంపేశారు. ఏ నోటితో పక్కనే ఉంటానని చెప్పాడో ఆ నోటితోనే ఇక్కడికొచ్చి, ఆమె పోయింది అని చెప్పాడు. మల్లేశ్వరి పెదాలు బిగిసి గుండుసూది చివర నాలుకకు గుచ్చుకుంది.

సుధ అద్దంలో ఎడమ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "అక్కా, ఈడ ఏదో రావాల గదా? సుద్ద గీత మాత్రమే ఉంది."

మల్లేశ్వరి నోట్లో మిగిలిన సూదులు తీసి డబ్బాలో వేసింది. మూత పెట్టింది.

"ఆడ ఉయ్యాల వెయ్యమన్నారు. నేను వెయ్యలేదు."

"ఎందుకక్కా?"

"ఆ ఇంట్లో ఉయ్యాల ఊగదమ్మా. నేను షాపు టైలర్ని కాదు. శివకుమార్ పెండ్లాన్ని. నేను యాడికీ పోలేదు, ఈ పొద్దు దాకా ఆ ఇంట్లోనే ఉండి ఈ జాకెట్టు కుట్టినా."

పార్వతమ్మ దిగ్గున లేచింది. "ఏం మాట్లాడతాండావు నువ్వు? పెళ్లి సెడగొట్టాలని వచ్చినావా?"

"అవునమ్మా, దానికే వచ్చినా." తన గొంతు అంత నెమ్మదిగా ఉండటం మల్లేశ్వరికే ఆశ్చర్యమనిపించింది. "కర్నూల్లో డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూసోబెట్టి సెప్పింది. లోపం ఆయనలో ఉంది. నాలో లేదు. ఎవురికీ సెప్పనని నేను మాటిచ్చినా. మా అమ్మకు కూడా సెప్పలేదు. ఈ రోజు మీకు సెప్తాండా. నన్ను నమ్మొద్దు. పెళ్లికి ముందే ఆయన్ని పరీక్షకు రమ్మని అడగండి. వస్తాడేమో సూడండి."

పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పెళ్లయినాక తెలిస్తే ఏమైతాదో కూడా సెప్తా," మల్లేశ్వరి ఇప్పుడు పిల్లతోనే మాట్లాడింది. "ఆయన నిన్ను మంత్రాలయం తీసుకుపోతాడు. నీ సెయ్యి నెత్తిన పెట్టుకొని ఏడుస్తాడు. నువ్వు కరిగిపోతావు. నేను కరిగినా గదా. ఆ పొద్దు నుంచి గొడ్డుబోతువి నువ్వే. ఇప్పుడు మీయమ్మ అనిన మాట రేపు ఇంగో ఊర్లో ఇంగొకరి అమ్మ నీ గురించి అంటాది."

సంచీలోంచి ఆ పచ్చటి ఆది జాకెట్టు తీసి సుధ చేతిలో పెట్టింది.

"కుడి చేతిది మా అత్త విప్పింది, ఆ గింజలు నేను తేలేను. ఎడమ చేతిది ఎవురూ ముట్టలేదు. నీది నీకు తెచ్చినా."

సుధ బొటనవేలితో మడత తడిమింది. గింజలు గరగరమన్నాయి. పార్వతమ్మ గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. పిల్ల అద్దంలో తన్ను తాను చూసుకుంది. లేత గులాబీ పట్టునూ, గంటలు కట్టిన ఆవులనూ, సుద్ద గీత ఒక్కటే ఉన్న ఆ ఎడమ చేతినీ చూసింది. మల్లేశ్వరి సంచీ భుజానికి వేసుకుంది. ఇక్కడి నుంచి హొళగుంద వైపు బస్సుకు పోవాలి. అమ్మ కట్టిన ముడుపులన్నీ ఏ దేవుడి దగ్గర ఎన్ని ఉన్నాయో అడిగి, అన్నీ విప్పించాలి.

గడప దగ్గరికి పోయేసరికి వెనక నుంచి సుధ పిలిచింది. తిరిగి చూస్తే, పిల్ల వీపు ఇటు పెట్టి, జడ ముందుకు వేసుకొని నిలబడి ఉంది.

"హుక్కులు తీసి పో అక్కా. నాకు అందవు."